శివనసముద్రం: నదిని కాదు, గనిని చూసి కట్టిన పవర్‌హౌస్

కర్ణాటకలోని మండ్య జిల్లా మళవళ్ళి తాలూకా దగ్గర కావేరి రెండు పాయలుగా చీలి, ఒక దీవిని చుట్టి, రెండు చోట్ల లోయలోకి దూకుతుంది. ఎడమ పాయ మీది జలపాతం గగనచుక్కి, కుడి పాయ మీదిది భరచుక్కి. గగనచుక్కి లోయ అడుగున, నీటి ఒడ్డునే, 1902లో మైసూరు సంస్థానం కట్టిన జలవిద్యుత్ కేంద్రం ఉంది. ఆ ఏడాది జూన్ 30న అక్కడ పుట్టిన కరెంటు 92 మైళ్ళు, అంటే దాదాపు 148 కిలోమీటర్లు ప్రయాణించి కోలారు బంగారు గనులకు చేరింది. యంత్రాలు మారాయి, సామర్థ్యం పెరిగింది, కానీ కేంద్రం ఇప్పటికీ పనిచేస్తూనే ఉంది. దీనికి మైసూరు దివాన్ కె. శేషాద్రి అయ్యర్ పేరు పెట్టారు. పథకాన్ని ముందుకు నడిపించిన ఆయన, కరెంటు పారడం చూడకుండానే 1901లో కన్నుమూశారు.

ఈ కేంద్రం గురించి తరచూ వినిపించే గొప్పలను ముందే సరిచూసుకోవడం మంచిది. ఇది ఆసియాలో మొదటిది కాదు, భారతదేశంలోనూ కాదు. డార్జిలింగ్ దగ్గరి సిద్రాపోంగ్‌లో 65 కిలోవాట్ల యంత్రాలు రెండు 1897లోనే తిరిగాయి. కోలారుకు వేసిన లైను ప్రపంచంలోకెల్లా పొడవైనదన్న మాట కూడా నిలవదు. 1901లోనే కాలిఫోర్నియాలో కోల్గేట్ నుంచి ఓక్లండ్‌కు 140 మైళ్ళ పైచిలుకు లైను పనిచేస్తోంది. బెంగళూరుకు 1905 ఆగస్టు 5న దీపాలు వచ్చిన మాట నిజమే. ఆసియాలో కరెంటు దీపాలు చూసిన మొదటి నగరం అదేననడం మాత్రం తప్పు, కలకత్తాలో 1899లోనే సరఫరా మొదలైంది.

ఈ గొప్పలన్నీ పక్కన పెట్టినా శివనసముద్రం విశేషం తగ్గదు. సాధారణంగా జలవిద్యుత్ కేంద్రం కట్టేవాళ్ళు ముందు నదిలో నీరెంత ఉందో కొలిచి, తర్వాత కొనేవాళ్ళను వెతుక్కుంటారు. ఇక్కడ తలకిందుల లెక్క నడిచింది. ముందు కొనుగోలుదారు ఖాయమయ్యాడు, అదీ ఒక్కడే. గనికి ఎంత కావాలో, ఎప్పుడు కావాలో తేలాకే యంత్రాల సైజు, లైను వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ నిర్ణయమయ్యాయి. నది ఆ లెక్కకు లొంగకపోతే నదినే మార్చాల్సి వచ్చింది. ఆ తర్వాతి వందేళ్ళ కథంతా ఈ మొదటి ఎంపికలోంచే పుట్టింది.

గనికి ఏం కావాలి

కోలారు గనులను నడిపించింది లండన్‌కు చెందిన జాన్ టేలర్ అండ్ సన్స్. మైసూరు, చాంపియన్ రీఫ్, ఊరిగాం, నందిదుర్గ్ గనులు వాళ్ళ నిర్వహణలోనే ఉండేవి. కరెంటు రాకముందు అన్నీ ఆవిరి యంత్రాలే. దూరం నుంచి రైల్లో తెచ్చే బొగ్గు, చుట్టుపక్కల అడవుల్లో కొట్టే కట్టెలు వాటికి మేత. గని లోతు పెరిగేకొద్దీ నీళ్ళు తోడే పంపుల భారం, మనుషుల్నీ రాయినీ పైకి లాగే వైండింగ్ యంత్రాల భారం, డ్రిల్లులకు గాలి అందించే కంప్రెసర్ల భారం అన్నీ కలిసి పెరుగుతాయి. ఉపరితలం మీద రాయిని పొడి చేసే స్టాంపు మిల్లులు రాత్రీ పగలూ ఆగవు.

ఈ లోడు, అంటే కరెంటు గిరాకీ, స్వభావాన్ని గమనించాలి. ఊరి దీపాలైతే సాయంత్రం ఆరు నుంచి పది దాకా వెలిగి ఆరిపోతాయి. గనికి ఇరవై నాలుగు గంటలూ, ఏడాది పొడవునా దాదాపు ఒకే మోతాదులో కరెంటు కావాలి. పంపు ఆగితే గనిలో నీరు లేస్తుంది, గాలి ఆగితే కింద పని ఆగిపోతుంది. అమ్మేవాడికి ఇంతకు మించిన ఖాతాదారు దొరకడు, ఎందుకంటే యంత్రం క్షణం కూడా ఖాళీగా ఉండదు. కావేరిలాంటి వానాకాలపు నది మీద ఆధారపడ్డవాడికి మాత్రం ఇంతకన్నా కఠినమైన షరతు లేదు.

మొదటి ఒప్పందం 4,000 హార్స్‌పవర్‌కు, అంటే సుమారు 3,000 కిలోవాట్లకు. పథకాన్ని రూపొందించిన కెనడా దేశస్థుడు, రాయల్ ఇంజనీర్స్ అధికారి జోలీ డి లోట్‌బినియేర్ యూరప్, అమెరికాలు తిరిగి యంత్రాలు ఎంపిక చేశారు. టర్బైన్లు జ్యూరిక్‌లోని ఎషర్ వీస్ నుంచి వచ్చాయి, ఒక్కొక్కటీ 1,250 హార్స్‌పవర్. జనరేటర్లు అమెరికా జనరల్ ఎలక్ట్రిక్‌వి, ఒక్కొక్కటీ 720 కిలోవాట్లు, 2,200 వోల్టులు. ఆరు సెట్లు కలిపి 4,320 కిలోవాట్లు. గనికి చేర్చాల్సిన 3,000కు లైను నష్టాలు కలిపినా, ఒక సెట్టు మరమ్మతులో ఉన్నా ఇబ్బంది లేదు. పెద్ద యంత్రాలు మూడు పెట్టడం కంటే చిన్నవి ఆరు పెట్టడం ఖరీదైన పనే. కానీ ఆగకూడని లోడుకు అదే సరైన పద్ధతి.

35,000 వోల్టులు, 25 సైకిళ్ళు

3,000 కిలోవాట్లను జనరేటర్ ఇచ్చే 2,200 వోల్టుల మీదే పంపాలంటే, పవర్ ఫ్యాక్టర్ (పారే కరెంటులో నిజంగా పనికొచ్చే పాలు) 0.85 అనుకుంటే, ఒక్కో తీగలో 900 ఆంపియర్ల పైగా పారాలి. 35,000 వోల్టులకు పెంచితే అది 58 ఆంపియర్లకు దిగుతుంది. తీగ వేడెక్కి పోయే నష్టం కరెంటు వర్గానికి అనులోమం కాబట్టి అదే తీగలో నష్టం దాదాపు 250 రెట్లు తగ్గుతుంది. 148 కిలోమీటర్ల రాగి తీగ ఖర్చును భరించగలిగే స్థాయికి దించింది ఈ ఒక్క అంశమే.

మరి ఇంకా పెంచలేదెందుకు? అడ్డం పింగాణీ ఇన్సులేటర్. వేలాడే బిళ్ళల గొలుసు ఇన్సులేటర్లు 1907 తర్వాతే వచ్చాయి. 1902లో ఉన్నది పిన్ను మీద కూర్చోబెట్టే గొడుగు రకమే. వోల్టేజీ పెంచాలంటే గొడుగు సైజు పెంచాలి, పెద్ద పింగాణీ ముద్ద లోపల సరిగా కాలదు, పగుళ్ళు దాక్కుంటాయి. వానలూ పిడుగులూ ఉండే దక్కనులో 35,000 వోల్టులు అప్పటికి జాగ్రత్తతో వేసిన ధైర్యపు అడుగే.

25 సైకిళ్ళ, అంటే సెకనుకు 25 ఆవృత్తాల ఫ్రీక్వెన్సీ ఎంపిక ఇవాళ వింతగా కనిపిస్తుంది. ఆనాడు 1895 నాటి నయాగరా కేంద్రం అదే వాడింది, పెద్ద మోటార్లకు అదే మేలని అనుకునేవారు. పొడవైన లైనుకు కూడా దానితో లాభం ఉంది. తీగ చుట్టూ పుట్టే అయస్కాంత క్షేత్రం వల్ల వచ్చే ఇండక్టెన్స్ ఈ పొడవు లైనుకు ఉజ్జాయింపుగా ఒక తీగకు 0.18 హెన్రీ ఉంటుంది. దానివల్ల కరెంటుకు ఎదురయ్యే అడ్డంకి, అంటే రియాక్టెన్స్, 25 సైకిళ్ళ దగ్గర 28 ఓమ్‌లు, 50 దగ్గర 56. 58 ఆంపియర్లు పారేటప్పుడు మొదటి దాంట్లో ఒక్కో ఫేజు మీద 1,600 వోల్టులు, రెండో దాంట్లో 3,200 వోల్టులు ఈ రియాక్టెన్స్ మీదే ఖర్చవుతాయి. ఫేజు వోల్టేజీ 20,000 అనుకుంటే 8 శాతానికీ 16 శాతానికీ ఉన్న తేడా ఇది. గని మోటారు స్టార్టయిన ప్రతిసారీ కరెంటు ఒక్కసారిగా పెరుగుతుంది కాబట్టి ఆ తేడా అక్కడ వోల్టేజీ కుంగడంగా కనిపిస్తుంది.

దీనికి మూల్యం తర్వాత కట్టాల్సి వచ్చింది. 25 సైకిళ్ళ మీద సన్న ఫిలమెంట్ బల్బు మినుకుమినుకుమంటుంది. ట్రాన్స్‌ఫార్మర్‌కు ఇనుము ఎక్కువ పడుతుంది. దేశమంతా 50 సైకిళ్ళకు వెళ్ళాక రెండూ కలపడం కుదరదు. 50 సైకిళ్ళకు చేసిన ట్రాన్స్‌ఫార్మర్‌ను పూర్తి వోల్టేజీతో 25 మీద కలిపితే కోర్ సంతృప్తమై, కరెంటు విపరీతంగా లాగి కాలిపోతుంది. 25 సైకిళ్ళ పంపు మోటారును 50 మీద తిప్పితే వేగం రెట్టింపవుతుంది, సెంట్రిఫ్యూగల్ పంపు లాగే శక్తి వేగం ఘనానికి అనులోమం కాబట్టి ఎనిమిది రెట్లు అడుగుతుంది. మోటారు కాలిపోవడమో షాఫ్టు విరగడమో తప్పదు. అందుకే పాత ఫ్రీక్వెన్సీతో మొదలైన ఏ కేంద్రమైనా మారాలంటే ముందు ఖాతాదారు మోటార్లన్నీ మారాలి. ఒక్క ఖాతాదారు కోసం కట్టిన కేంద్రం అతని యంత్రాలకు తానే బందీ అయిపోతుంది.

నది లెక్క తప్పిన చోటు

జలవిద్యుత్తులో ఒక్క సూత్రం గుర్తుంటే చాలు. కిలోవాట్లు కావాలంటే సెకనుకు పారే ఘనపు మీటర్లను 9.81తో, నీరు పడే ఎత్తు మీటర్లతో, సామర్థ్యంతో గుణించాలి. శివనసముద్రంలో ఎత్తు సుమారు 400 అడుగులు. నష్టాలు పోను 120 మీటర్లు, మొత్తం సామర్థ్యం 80 శాతం అనుకుంటే 100 క్యూసెక్కుల నీటికి 2,670 కిలోవాట్లు వస్తాయి. ఈ లెక్కన 1902 నాటి ఆరు సెట్లకు కావలసింది 162 క్యూసెక్కులే. కావేరిలాంటి నదికి అది లెక్కలోకి రాదు. వానాకాలం వరదలో ఇదే నదిలో లక్ష క్యూసెక్కుల పైనా పారుతుంది. అందుకే మొదట్లో జలాశయం అక్కర్లేకపోయింది. జలపాతానికి ఎగువన నీటిని మళ్ళించే ఆనకట్ట, తెరిచిన కాలువలు, లోయ అంచున ఫోర్‌బే (గొట్టాల ముందు నీరు నిలిచే తొట్టి), అక్కడి నుంచి కిందికి దిగే ఇనుప గొట్టాలు చాలాయి.

గని ఆకలి అక్కడ ఆగలేదు. కరెంటు రుచి చూశాక కంపెనీలు ఇంకా కావాలన్నాయి. 1905లో బెంగళూరు, 1908లో మైసూరు నగరం తోడయ్యాయి. యంత్రాలు దశలవారీగా పెరిగి, 1938 నాటికి మొత్తం 42 మెగావాట్ల కేంద్రమైంది. 42 మెగావాట్లకు పైలెక్కనే 1,575 క్యూసెక్కులు నిలకడగా కావాలి. వేసవిలో కావేరి కొన్ని వందల క్యూసెక్కులకు, గట్టి కరువులో అంతకంటే కిందికి జారిపోయేది. జూన్ నుంచి నవంబరు దాకా నీరు పొర్లిపోతుంది, మార్చిలో టర్బైన్ ఎండుతుంది, గని మాత్రం రెండు కాలాల్లోనూ ఒకే మోతాదు అడుగుతుంది.

కృష్ణరాజసాగరం పుట్టుకలో ఈ చిక్కుకు పెద్ద పాత్ర ఉంది. దాన్ని కేవలం సాగునీటి ప్రాజెక్టుగా చెప్పుకోవడం అలవాటైపోయింది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య ప్రతిపాదనలో శివనసముద్రానికి ఏడాది పొడవునా నీరందించడం ప్రధాన వాదనల్లో ఒకటి, ఎందుకంటే ఆదాయం కళ్ళెదుట కనిపించేది అక్కడే. 1911లో పని మొదలైంది. దిగువన ఉన్న మద్రాసు ప్రభుత్వం 11 టీఎంసీల జలాశయానికే ఒప్పుకుంది. మైసూరు పునాదిని మాత్రం అసలు ప్రణాళికలోని 41.5 టీఎంసీల ఎత్తుకు సరిపోయేలా వేసింది. గొడవ మధ్యవర్తిత్వానికి పోయి 1914లో గ్రిఫిన్ తీర్పు వచ్చింది, దాన్ని మద్రాసు సవాలు చేసింది, చివరకు 1924 ఒప్పందం కుదిరింది. నేటి కావేరి వివాదానికి మూలంగా చెప్పే ఆ ఒప్పందం వెనక వరిపొలాలతో పాటు కోలారు స్టాంపు మిల్లులు కూడా ఉన్నాయన్న సంగతి మరుగున పడింది.

నీరు దిగే దారిలో ఏం చెడుతుంది

ఈ తరహా పాత కేంద్రాల్లో జబ్బులు దాదాపు ఒకటే. ఆంధ్ర–ఒడిశా సరిహద్దున డుడుమా జలపాతం దగ్గర 1955లో మొదలైన మాచ్‌ఖండ్‌లో పనిచేసినవారికి కూడా ఇవి కొత్త కాదు.

మొదటి చిక్కు ఫోర్‌బే దగ్గరే. గొట్టాల ముఖాన ఇనుప కమ్మీల చట్రం ఉంటుంది, దాన్ని ట్రాష్ రాక్ అంటారు. తొలి వరదలో ఆకులు, కొమ్మలు, గడ్డి మోపులు వచ్చి దానికి అంటుకుంటాయి. రాక్ ముందు, వెనక నీటి మట్టాల మధ్య తేడా 30 సెంటీమీటర్లు వస్తే పోయే ఎత్తు 120 మీటర్లలో పావు శాతమే, కరెంటు తగ్గినట్టు మీటర్లో కనిపించదు. ప్రమాదం వేరు. తేడా పెరిగితే కమ్మీలు లోపలికి వంగుతాయి, ఒకటి తెగితే ముక్క నేరుగా టర్బైన్‌లో తిరిగే చక్రం, అంటే రన్నర్‌లోకి వెళ్తుంది. రాక్ వెనక మట్టం ఇంకా పడితే గొట్టం నోటి దగ్గర సుడి పుట్టి గాలిని లోపలికి లాగుతుంది, టర్బైన్ దడదడలాడుతుంది. వరద తొలి రెండు రోజులు రాక్ దగ్గర షిఫ్టుకు ఇద్దరు మనుషులు దంతెతో చెత్త లాగుతూనే ఉండాలి. ఆ కూలి ఖర్చు చూసి వెనకాడితే రన్నర్ ఖర్చు మీద పడుతుంది.

రెండోది ఇసుక. నదీ ఇసుకలో ఎక్కువగా ఉండే క్వార్ట్జ్ మామూలు ఉక్కు కంటే గట్టిది. 0.2 మిల్లీమీటర్ల కన్నా పెద్ద రేణువులు ఫోర్‌బేలో కిందికి దిగాలి. ఫోర్‌బే పూడిపోతే నీటి వేగం పెరిగి దిగాల్సిన ఇసుక ముందుకు సాగిపోతుంది. అరుగుదల నీటి వేగం ఘనానికి దగ్గరగా పెరుగుతుంది కాబట్టి దెబ్బ మొదట తగిలేది వేగం అత్యధికంగా ఉండే చోటే: నీటి ధార బకెట్లను కొట్టి తిప్పే పెల్టన్ రకమైతే నాజిల్ సూది, బకెట్ మధ్య అంచు. నీటిలో మునిగి తిరిగే ఫ్రాన్సిస్ రకమైతే నీటిని రన్నర్‌లోకి మళ్ళించే గైడ్ వేన్ల చివరలు, రన్నర్ చుట్టూ నీరు కారకుండా ఆపే సీలు రింగులు. 120 మీటర్ల ఎత్తున సాధారణంగా ఫ్రాన్సిస్ పెడతారు, చిన్న యంత్రాలకు పెల్టన్ కూడా కుదురుతుంది. సీలు రింగు ఖాళీ పెరిగితే నీరు రన్నర్‌ను దాటవేసి పక్కనుంచి పోతుంది, అదే గేటు తెరుపుకు మెగావాట్లు తగ్గుతాయి. గైడ్ వేన్లు పూర్తిగా మూసినా యంత్రం నెమ్మదిగా తిరుగుతూనే ఉంటే సందేహించాల్సింది ఇక్కడే. 13 శాతం క్రోమియం, 4 శాతం నికెల్ ఉన్న ఎలక్ట్రోడ్‌తో పూత వెల్డింగ్ చేసి, అచ్చు పెట్టి చూసుకుంటూ గ్రైండింగ్ చేస్తారు. అచ్చు లేకుండా కంటి అంచనాతో రుద్దితే రన్నర్ బ్యాలెన్స్ తప్పి బేరింగులు చెడతాయి. కృష్ణరాజసాగరం, కబిని జలాశయాలు వచ్చాక ముతక ఇసుక చాలావరకు పైనే ఆగుతుంది కాబట్టి శివనసముద్రానికి ఈ బాధ హిమాలయ కేంద్రాలంత లేదు.

అసలు ప్రాణాంతకమైనవి గొట్టాలు, అంటే పెన్‌స్టాకులు. ఇక్కడ కొంచెం ఆగి లెక్క చూడాలి.

ఒక పెన్‌స్టాకు 1.2 మీటర్ల వ్యాసం, 10 మిల్లీమీటర్ల రేకు, 300 మీటర్ల పొడవు, నీటి వేగం సెకనుకు 3 మీటర్లు అనుకుందాం. అడుగున 120 మీటర్ల నీటి ఒత్తిడికి రేకులో 71 మెగాపాస్కల్ తన్యత వస్తుంది. 1900ల నాటి గొట్టాలు రివెట్లతో అతికినవి, రివెట్ల వరుస దగ్గర బలం పూర్తి రేకులో 70 శాతమే అనుకుంటే అక్కడ భారం 100 మెగాపాస్కల్. శతాబ్దం తుప్పులో 3 మిల్లీమీటర్లు తినేసి 7 మిగిలితే అది 145కు చేరుతుంది. మామూలుగా నడిచేటప్పుడు ఆనాటి ఉక్కు దీన్ని ఇంకా భరిస్తుంది.

మామూలుగా నడవని రోజు ఒకటి వస్తుంది. లైను ట్రిప్పయి, అంటే రక్షణ స్విచ్చు తెగిపోయి, లోడు ఒక్కసారిగా పోతుంది. టర్బైన్ వేగం పెరుగుతుంది, అదుపు లేకపోతే మామూలు వేగానికి దాదాపు రెట్టింపు దాకా. వేగాన్ని అదుపు చేసే గవర్నర్ టర్బైన్ గేట్లు మూయాలి. కానీ ఎంత త్వరగా? 300 మీటర్ల గొట్టంలో ఒత్తిడి అల సెకనుకు సుమారు 1,000 మీటర్ల వేగంతో పైకి వెళ్ళి తిరిగి రావడానికి 0.6 సెకను. ఆ లోపల మూసేస్తే పెరిగే ఒత్తిడి 306 మీటర్ల నీటి ఎత్తుకు సమానం, స్థిర ఒత్తిడికి రెండున్నర రెట్లు. గొట్టం చిట్లిపోతుంది. అదే 5 సెకన్లలో మూస్తే పెరుగుదల 15 నుంచి 30 శాతం మధ్య ఉంటుంది, వేగం మాత్రం ఆలోగా 30–40 శాతం పెరిగి తర్వాత దిగుతుంది. గొట్టాన్ని కాపాడితే వేగం పెరుగుతుంది, వేగాన్ని ఆపితే గొట్టం పగులుతుంది. పాత జనరేటర్లకు అంత బరువైన ఫ్లైవీలు పెట్టింది ఈ పేచీ తీర్చడానికే. గవర్నర్ ఆయిల్ లైనులోని చిన్న ఆరిఫిస్ రంధ్రమే మూసుకునే సమయాన్ని నిర్ణయిస్తుంది. ఓవర్‌హాల్‌లో దాన్ని శుభ్రం చేస్తూ డ్రిల్లుతో కాస్త పెద్దది చేసినా, తిరిగి పెట్టడం మరిచినా, తర్వాతి ట్రిప్పులోనే ఫలితం తెలుస్తుంది. అందుకే ఓవర్‌హాల్ తర్వాత మొదట పావు లోడు, తర్వాత సగం, ముప్పావు, ఆఖరున పూర్తి లోడు మీద ట్రిప్ చేసి, ప్రతిసారీ గరిష్ఠ ఒత్తిడి, గరిష్ఠ వేగం రాసుకున్నాకే యంత్రాన్ని సర్వీసులోకి ఇస్తారు.

చిట్లడం అందరికీ తెలిసిన భయం. దానికి విరుద్ధమైనది, అంటే గొట్టం లోపలికి నలిగిపోవడం, అంతగా తెలియదు. పైన గేటు మూసి కింద నీరు వదిలితే గొట్టంలో శూన్యం పుడుతుంది. గాలి లోపలికి రావడానికి గేటు వెనక ఎయిర్ వెంట్ ఉంటుంది. దాంట్లో పక్షి గూడు కట్టినా, పెయింట్ వేస్తూ జాలీ మీద పూత పూసేసినా గాలి ఆడదు. 1.2 మీటర్ల గొట్టం బయటి ఒత్తిడిని తట్టుకునే శక్తి రేకు మందం ఘనానికి అనులోమం. 10 మిల్లీమీటర్ల దగ్గర అది వాతావరణ ఒత్తిడికి రెండున్నర రెట్లు ఉంటుంది, 7కు అరిగితే మూడో వంతుకు పడిపోయి వాతావరణ ఒత్తిడి కంటే కూడా తక్కువవుతుంది. వందేళ్ళు లోపలి ఒత్తిడిని మోసిన గొట్టం ఖాళీ చేసే రోజున రేకు డబ్బాలా నలిగిపోవడం ఇలాగే జరుగుతుంది. పెన్‌స్టాకు ఖాళీ చేసే ముందు వెంట్ చూడడం చెక్‌లిస్టులో మొదటి గీత కావాలి. ఏటా అల్ట్రాసోనిక్ గేజితో మందం కొలిచేటప్పుడు గొట్టం పక్కలతో సరిపెట్టకుండా అడుగుభాగం, ఆధారపు దిమ్మెల అంచులు, యాంకర్ బ్లాకు దగ్గర కాంక్రీటులోకి పోయే చోటు చూడాలి. తేమ నిలిచేది అక్కడే.

పవర్‌హౌస్ లోయ అడుగున ఉంది కాబట్టి టర్బైన్ వదిలిన నీరు నదిలో కలిసే టెయిల్‌రేస్ కాలువ మట్టం వరదలో లేచి వస్తుంది. కావేరి పొంగిన రోజే నీటికి కొదవ ఉండదు, కానీ పడే ఎత్తు తగ్గుతుంది. పెల్టన్ చక్రమైతే కింది నీటిని తాకితే ఆపాల్సిందే. లోపలి డ్రైనేజి గుంటలో పంపులు కేంద్రం సొంత కరెంటు మీదే నడుస్తుంటే, కేంద్రం ట్రిప్పయిన క్షణమే పంపులూ ఆగుతాయి. గుంట పంపుల్లో కనీసం ఒకటి డీజిల్‌ది కావాలి, దాని ఇంజను వరద మట్టానికి పైన ఉండాలి.

జనరేటర్ వైండింగ్ సంగతి క్లుప్తంగా. జలపాతం పక్క గాలిలో తేమ ఎప్పుడూ ఉంటుంది. రెండు వారాలు ఆగిన యంత్రాన్ని, ఇన్సులేషన్ నిరోధాన్ని కొలిచే మెగ్గర్ పెట్టకుండా చార్జి చేయకూడదు. పాత లెక్క ప్రకారం కిలోవోల్టుల సంఖ్యకు ఒకటి కలిపితే వచ్చేన్ని మెగోమ్‌లు కనీసం ఉండాలి, 2.2 కిలోవోల్టుల యంత్రానికి 3.2. తక్కువ ఉంటే టెర్మినళ్ళు షార్టు చేసి, అయస్కాంతాలకు కొద్దిగా కరెంటు (ఎక్సయిటేషన్) ఇచ్చి సగం కరెంటు పారిస్తూ నెమ్మదిగా ఆరబెడతారు. మొదట రీడింగు ఇంకా పడుతుంది, తేమ వేడెక్కడం వల్ల. అక్కడ భయపడి ఆపేస్తే పని సగంలోనే పోతుంది. పడి, నిలిచి, తిరిగి లేచి, కొన్ని గంటలు కదలకుండా నిలబడ్డాకే ఆరినట్టు.

కొనుగోలుదారు పోయాక

కోలారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. కేంద్రం పుట్టుకకు కారణమైన లోడు పోయింది. కరెంటు ఇప్పుడు రాష్ట్ర గ్రిడ్‌లో కలుస్తుంది, 42 మెగావాట్లు దాంట్లో ఒక చుక్క. 1940లో పక్కన వచ్చిన 17.2 మెగావాట్ల శింషా కేంద్రానిదీ అదే స్థితి. ఇక టర్బైన్లు ఎప్పుడు ఎంత తిరగాలో తేల్చేది గనీ కాదు, గ్రిడ్డూ కాదు. సుప్రీంకోర్టు.

2018 ఫిబ్రవరి 16 నాటి తీర్పు ప్రకారం కర్ణాటక ఏటా 177.25 టీఎంసీలు బిలిగుండ్లు దగ్గర తమిళనాడుకు చేరేలా చూడాలి. బిలిగుండ్లు శివనసముద్రానికి దిగువన ఉంది. అర్కావతి వంటి ఉపనదుల నీరు మధ్యలో కలిసినా, ప్రధాన భాగం ఈ లోయ గుండానే వెళ్ళాలి. నెలవారీ పట్టిక చూస్తే కేంద్రం జాతకం తెలిసిపోతుంది. ఆగస్టుకు 45.95 టీఎంసీలు, అంటే రోజుకు దాదాపు ఒకటిన్నర. 42 మెగావాట్ల పూర్తి లోడు మీద యంత్రాలు రోజుకు తాగగలిగేది 0.136 టీఎంసీ. పదో వంతు కూడా టర్బైన్లలోకి పోదు, మిగతాది జలపాతాల మీదుగా దూకుతుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా నెలకు 2.5 టీఎంసీలే, సగటున 960 క్యూసెక్కుల పైచిలుకు. అదంతా యంత్రాల్లోకే పోయినా 26 మెగావాట్లకు మించదు. ఏడాదంతా ఆగకుండా పూర్తి లోడు నడిపినా ఈ కేంద్రం వాడగలిగేది 50 టీఎంసీలు.

వేసవిలో జలపాతం చూడ్డానికి వచ్చినవాళ్ళు ఎండిన బండలు చూసి నిట్టూర్చడానికి కారణం కూడా ఈ లెక్కే. ఆ నాలుగు నెలల్లో వచ్చే ప్రతి క్యూసెక్కునూ టర్బైన్ అడుగుతుంది. మళ్ళింపు చోటుకూ టెయిల్‌రేస్‌కూ మధ్య నది పొడవునా చేపకూ చెట్టుకూ మిగిలేది కారిపోయే నీరే. కొంత ప్రవాహాన్ని తప్పనిసరిగా నదిలోనే వదలాలన్న నియమం పెడితే నష్టం ఎంతన్నది కూడా తేలిగ్గా లెక్కకు వస్తుంది: 50 క్యూసెక్కులకు 1.3 మెగావాట్లు. ఇది పెద్ద త్యాగమేమీ కాదు.

సాయంత్రం గిరాకీ వేళ మాత్రమే ఎక్కువ నడిపితే మేలు కదా అన్న సూచన తరచూ వస్తుంది. ఫోర్‌బేలో నిల్వ లేదు, నీరు పై జలాశయాల నుంచే రావాలి. కృష్ణరాజసాగరం నుంచి నది వెంట 70 కిలోమీటర్లకు పైనే. నీరు సెకనుకు ఒక మీటరు కదిలినా చేరడానికి ఇరవై గంటలు. సాయంత్రం ఆరుకు కావాలంటే ముందురోజు రాత్రి వదలాలి, దారిలో ఆ అల చదునైపోతుంది. తిరుమకూడలు నరసీపుర దగ్గర కలిసే కబిని వయనాడు వానలను బట్టి తన లెక్క తాను నడుపుతుంది. సంగమం నుంచి వచ్చేది వచ్చినట్టు వాడుకోవడమే ఇక్కడ సాధ్యం.

అందుకే ఆధునీకరణ ప్రశ్న మెగావాట్లు పెంచడం గురించి కాదు, అదే నీటిలోంచి ఎక్కువ పిండుకోవడం గురించి. 120 మీటర్ల ఎత్తున 80 శాతం సామర్థ్యంతో ఒక టీఎంసీ 74 లక్షల యూనిట్లు ఇస్తుంది, 90 శాతమైతే 83 లక్షలు. టీఎంసీకి 9 లక్షల యూనిట్ల తేడా కొత్త రన్నర్లు, సరైన సీలు రింగులతోనే వస్తుంది. డబ్బు పరిమితమైతే వరుస ఇది: ముందు పెన్‌స్టాకులు, తర్వాత రన్నర్లు, ఆ తర్వాతే జనరేటర్ వైండింగు. పాత గొట్టం మీద కొత్త రన్నర్ పెట్టి నీటి వేగం పెంచితే ట్రిప్పు రోజున దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది.

ఆరు 3 మెగావాట్లవి, నాలుగు 6 మెగావాట్లవి కలిపి పది యంత్రాలున్నాయిక్కడ. వాటిని తీసేసి 21 మెగావాట్లవి రెండు పెడితే నిర్వహణ సులువని చెప్పే వాదన కాగితం మీద బాగుంటుంది. మార్చిలో 960 క్యూసెక్కులు వచ్చినప్పుడు ఒకటి పూర్తి లోడు మీద తిరుగుతుంది, రెండోదానికి మిగిలేది నాలుగున్నర మెగావాట్ల చిల్లర నీరు. ఫ్రాన్సిస్ రన్నర్ ఐదో వంతు లోడు మీద సామర్థ్యం కోల్పోయి, నీటిని కిందికి వదిలే డ్రాఫ్ట్ ట్యూబులో సుడి తిప్పుకుంటూ అదురుతుంది, ఆపక తప్పదు. ఇప్పటి అమరికలో అదే నీటికి 6 మెగావాట్లవి నాలుగూ పూర్తి లోడు మీద నడుస్తాయి. 3 మెగావాట్లవి ఆరూ ఆ నాలుగు నెలలు ఖాళీగా ఉంటాయి కాబట్టి వాటిని విప్పి సీలు రింగులు మార్చి, జూన్ మొదటి వరదకు ముందే తిరిగి బిగించవచ్చు. తర్వాతి వేసవిలో ఒక 6 మెగావాట్ల యంత్రాన్ని విప్పి, దాని వంతును రెండు చిన్నవాటితో నడిపిస్తారు.